ఐదో జార్జ్ 1911 రూపాయి: ఫోటోలు చూసి గ్రేడ్ తేల్చిన ఒక కేస్ స్టడీ

నాణెం ఐదో జార్జ్ వెండి రూపాయి, 1911. అమ్మేవాళ్లు పెట్టిన ఫోటోలు మూడు: బొమ్మవైపు ఒకటి, బొరుసువైపు ఒకటి, వేళ్ల మధ్య పట్టుకుని తీసింది ఒకటి. కింద ‘యూఎన్‌సీ, ఫుల్ లస్టర్’ అని రాశారు, అంటే వాడకంలో అరగనిది, ముద్రప్పటి మెరుపు (లస్టర్) మొత్తం ఉన్నది అని. కొనాలనుకున్న సేకర్త అడిగింది ఒక్కటే: ఈ ఫోటోలను బట్టి గ్రేడ్ (నాణెం స్థితిని చెప్పే అంకె) ఎంత?

ఆ మూడు ఫోటోలతో చెప్పగలిగింది ‘వీఎఫ్35 నుంచి ఏయూ53 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, తుడిచినట్టు అనుమానం’ అన్నంత వరకే (వీఎఫ్, ఎక్స్‌ఎఫ్, ఏయూ, యూఎన్‌సీ అన్నవి వరసగా అరుగుదల తగ్గే స్థాయిలు). ఆ తర్వాత నాణేన్ని తెప్పించి, లైటు దిశ మార్చి మార్చి తీస్తే తేలింది వేరు: ఎక్స్‌ఎఫ్ స్థాయి అరుగుదల, రెండువైపులా తుడిచిన గుర్తులు, అంచు మీద 12 గంటల స్థానంలో ఊడదీసిన కొక్కెం తాలూకు టంకం. కెమెరా మారినందువల్ల ఇది తేలలేదు, లైటు ఎటు నుంచి పడుతోందో మన చేతిలో ఉన్నందువల్ల తేలింది. కాంతి ఎటు నుంచి వచ్చిందో తెలియని ఫోటో మీద గ్రేడ్ చెప్పకూడదు. ఆ మాట ఎందుకు ఇంత గట్టిగా అనాల్సి వస్తుందో ఈ నాణెం మీద అడుగడుగునా కనిపిస్తుంది.

ముందు నాణెం సంగతి

బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. వెండి 91.7 శాతం, మిగతాది రాగి. వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, అంచు మీద నిలువు గాట్లు. బొమ్మవైపు కిరీటం పెట్టుకున్న రాజు ఎడమకు చూస్తుంటాడు. ఆ బొమ్మ చెక్కింది బెర్ట్రమ్ మెకెనల్. బొరుసువైపు పూల దండ మధ్యలో విలువ ఇంగ్లిష్‌లోనూ పర్షియన్ లిపిలోనూ, దానితో పాటు ఏడాది.

1911 ముద్రకు ప్రత్యేకత రాజు అంగీ మీద ఉంది. మెడలోని గొలుసులో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొలి అచ్చులో దాని తొండం పొట్టిగా ఉండడంతో పందిలా కనిపించింది. ముస్లింల నుంచి అభ్యంతరం రావడంతో 1912 నుంచి తొండం పొడుగ్గా, చెవి పెద్దగా ఉండేలా మార్చారు. అందుకే దీన్ని మార్కెట్లో ‘పిగ్ రూపీ’ అంటారు. ఒకే ఏడాది ముద్ర కాబట్టి గిరాకీ ఎక్కువ, మోసమూ ఎక్కువ. ఏడాది అంకెల్లో చివరి 7ను చెక్కి 1గా మార్చడం కష్టమేమీ కాదు. కానీ 1917 నాణెం మీద ఏనుగు తొండం పొడుగ్గానే ఉంటుంది, దాన్ని మార్చడం కుదరదు. 1911 అని ఉండి తొండం పొడుగ్గా కనిపిస్తే ఏడాది దిద్దారని అర్థం. కాబట్టి ఈ నాణెం విషయంలో ఏ అమ్మకందారునైనా మొదట అడగాల్సింది ఏనుగు దగ్గరి ఫోటో, ఆ తర్వాత ఏడాది అంకెల దగ్గరి ఫోటో. మన నాణెం ఈ రెండింట్లోనూ నెగ్గింది: పొట్టి తొండం, చివరి 1 చుట్టూ గీకుడు లేదు, అంకెల కింది ఫీల్డ్ (బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం) పక్క ఫీల్డ్‌తో సమంగా ఉంది.

టంకశాల గుర్తు కోసం బొరుసువైపు కింద ఉన్న తామర పువ్వు చూడాలి. దాని కింద చిన్న ఉబ్బు చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. 1911లో రెండు చోట్లా ముద్రించారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తక్కువ పిక్సెళ్ల ఫోటోలో ఆ చుక్క కనిపించలేదంటే చుక్క లేదని కాదు. ఈ కేసులో మొదటి ఫోటోలో చుక్క లేదు, తర్వాత తీసిన ఫోటోలో ఉంది. కలకత్తా అనుకున్నది బొంబాయిది.

అమ్మకందారు ఫోటోలు ఏం చెప్పాయి

మూడూ ఫోన్‌తో, పైన ట్యూబ్‌లైట్ వెలుగులో, తెల్లటి గచ్చు మీద తీసినవి. ఫోటోలో నాణెం వెడల్పు సుమారు 600 పిక్సెళ్లు. 30.5 మిల్లీమీటర్లను 600తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు 0.05 మిల్లీమీటరు వస్తుంది. బట్టతో తుడిస్తే పడే సన్నగీతలు అంతకంటే సన్నగా ఉంటాయి కాబట్టి అవి ఈ ఫోటోలో కనబడే వీల్లేదు. ఎంత జూమ్ చేసినా లాభం లేదు, లేని సమాచారం రాదు.

లైటు దిశ తెలుసుకోవడానికి అక్షరాల నీడలు చూడాలి. ప్రతి అక్షరానికీ ఒక పక్క వెలుగు, ఎదురు పక్క నీడ ఉంటే ఒక్క లైటు, అది వెలుగు పక్కన ఉంది. రెండు పక్కలా వెలుగు ఉంటే రెండు లైట్లు. ఎక్కడా నీడ లేకపోతే పరుచుకున్న వెలుగు. అక్షరాలు లోపలికి గుంటపడినట్టు అనిపిస్తే లైటు కింది వైపు నుంచి వచ్చిందని అర్థం, ఎందుకంటే వెలుగు పైనుంచే వస్తుందని మన కన్ను అనుకుంటుంది. ఫోటోను తలకిందులు చేస్తే సర్దుకుంటుంది.

ఇక్కడ నీడ దాదాపు లేదు. ట్యూబ్‌లైట్, తెల్ల గచ్చు, తెల్ల గోడ కలిసి వెలుగును అన్ని వైపుల నుంచీ పరిచేశాయి. ఇలాంటి వెలుగులో గీతలు దాగిపోతాయి, అసలు లస్టర్ కూడా దాగిపోతుంది. ఫీల్డ్ అంతా ఒకే తెలుపు. దాన్నే ‘ఫుల్ లస్టర్’ అని రాశారు. అది లస్టర్ కాదు, ఎక్స్‌పోజర్ ఎక్కువై అంతా తెల్లబడి వివరాలు చెరిగిపోవడం.

అంత పేలవమైన ఫోటోలోనూ నాలుగు గుర్తులు దొరికాయి. అక్షరాల మొదళ్లలో నల్లటి మురికి సన్నని గీతలా మిగిలి, పక్కనే ఫీల్డ్ తెల్లగా ఉంది. సహజంగా రంగు మారిన వెండి నాణెంలో ముదురు నుంచి లేతకు మార్పు మెల్లగా జరుగుతుంది. ఇలా గీసినట్టు ఆగిపోయిందంటే బట్టకు అందిన చోటల్లా మురికి పోయి, అందని చోట మిగిలిందన్నమాట. రెండోది, కనుబొమ, మీసం కలిసిపోయినట్టున్నాయి. మూడోది, బొరుసువైపు పూరేకుల మధ్య ఎర్రటి మరకలు. మన ఇళ్లలో వెండి రూపాయలు లక్ష్మీపూజలో ఉంటాయి కాబట్టి అవి కుంకుమ అని ఊహించడం కష్టం కాదు. పూజలో ఉన్న నాణేన్ని ఏటా చింతపండుతోనో కుంకుడు రసంతోనో పళ్లపొడితోనో తోమి ఉండే అవకాశం చాలా ఎక్కువ. నాలుగోది, 12 గంటల దగ్గర గట్టు (నాణెం చుట్టూ ఎత్తుగా ఉండే అంచు వరస) కాస్త వెడల్పుగా, రంగు మసకగా ఉంది. ఇది అన్నిటికంటే చిన్న గుర్తు, చివరికి అన్నిటికంటే బరువైనది ఇదే అయింది.

ఫోటో తీసిన తీరు

కెమెరా ఫుల్‌ఫ్రేమ్, లెన్స్ 100 ఎంఎం మాక్రో, నిలువు కాపీ స్టాండ్. సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లు, నాణెం 30.5. చుట్టూ కాస్త జాగా వదిలితే మాగ్నిఫికేషన్ (సెన్సర్ మీద బొమ్మ అసలు నాణెంలో ఎంత వంతు) 0.7 దగ్గర పడుతుంది. లెన్స్ మీద ఎఫ్8 పెట్టినా దగ్గరి ఫోటోలో అసలు అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం కొలత) 8ని 1.7తో గుణించినంత, అంటే ఎఫ్13.6 అవుతుంది. నాణెం ఉబ్బు అంతా స్పష్టంగా రావడానికి అది సరిపోతుంది. ఇంకా బాగా రావాలని ఎఫ్16కు మూస్తే అసలు విలువ ఎఫ్27 దాటి బొమ్మ మెత్తబడుతుంది, సన్నగీతలు పోతాయి. చాలామంది చేసే పొరపాటు ఇదే.

కెమెరా నాణేనికి సమాంతరంగా ఉండాలి. నాణెం పెట్టే చోట చిన్న చదునైన అద్దం పెట్టి లెన్స్‌లోంచి చూస్తే, లెన్స్ ప్రతిబింబం ఫ్రేమ్‌కు సరిగ్గా నడిమధ్యన కనిపించాలి. అంతకంటే కచ్చితమైన మట్టం మరొకటి అక్కర్లేదు. ఐఎస్‌ఓ 100, రెండు సెకన్ల టైమర్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. షట్టర్ 1/50, 1/25 లేదా ఇంకా నెమ్మదిగా ఉంటే చారలు పడవు. లైట్ల సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 95 ఉంటే మంచిది, 90కి తగ్గకూడదు. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేయాలి. వైట్ బ్యాలెన్స్ గ్రే కార్డు మీద తీసుకోవాలి, నాణెం మీద కాదు. నాణెం మీద తీసుకుంటే పాత బంగారు రంగు టోనింగ్ (కాలంతో వెండి మీద వచ్చే రంగు) మాయమై తెల్లగా తోమినట్టు కనబడుతుంది, దాంతో మంచి నాణేనికి అన్యాయం జరుగుతుంది. ఎక్స్‌పోజర్‌ను హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగుల పంపిణీ చూపే గ్రాఫ్) కుడి అంచును తాకకుండా తగ్గించాలి.

ఈ అమరికలో నాణెం వెడల్పు 3000 పిక్సెళ్లు దాటింది, ఒక్కో పిక్సెల్‌కు 0.01 మిల్లీమీటరు. సన్నగీత కనబడడానికి అది చాలు.

మొదటి లైటు: మామూలు పటం

10 గంటల, 2 గంటల స్థానాల్లో రెండు చిన్న లైట్లు, లెన్స్‌కు దగ్గరగా, నాణెం తలం నుంచి 65 డిగ్రీల ఎత్తులో. ముందు డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే పొర) లేదు. డిఫ్యూజర్ పెడితే ఫోటో అందంగా ఉంటుంది, కానీ పరీక్షకు పనికిరాదు. ఈ పటం గుర్తింపు కోసం, కేటలాగ్ కోసం. అరుగుదల లెక్క కూడా సగం దీనిమీదే తేలింది: కనుబొమ చదును, మీసం పోగులు కలిసిపోయాయి, గడ్డంలో చెంప వైపు వెంట్రుకలు అరిగి, బయటి వైపువి విడివిడిగా నిలిచాయి. కిరీటం కమాను మీది ముత్యాల్లో కొన్ని ఒకదానిలో ఒకటి కలిశాయి. ఏనుగు ఆకారం పూర్తిగా ఉంది, తల మాత్రం చదును. తామర రేకుల మధ్య గీతలు ఉన్నాయి, కొసలు అరిగాయి.

చదునుగా ఉన్నదల్లా అరుగుదల కాదు. ముద్ర సరిగా పడక చదునుగా మిగిలిన చోటూ ఉంటుంది. బలహీన ముద్ర అయితే ఆ చోట లోహం పై పొర చుట్టూ ఉన్న ఫీల్డ్‌లాగే గరుకుగా, మెరుపుతో ఉంటుంది, పైగా సరిగ్గా ఎదురు పక్కన కూడా బలహీనత కనిపిస్తుంది. అరుగుదల అయితే ఆ చోటు నున్నగా, బూడిద రంగులో, చుట్టుపక్కలకు భిన్నంగా ఉంటుంది. ఇక్కడ కనుబొమ నున్నగా, మెరుపు లేకుండా ఉంది. అరుగుదలే.

రెండో లైటు: ఒంటి లైటు, లస్టర్ ఎక్కడ వెలుగుతుందో చూడడం

ఈ కేసులో కాసేపు ఆగాల్సింది ఇక్కడ. అసలు ముద్ర లస్టర్ ఎలా పుడుతుంది? అచ్చు కింద వెండి మధ్య నుంచి అంచు వైపు జరుగుతుంది. ఆ జరిగిన దారిలో కంటికి అందనంత సన్నటి గీతలు సైకిల్ చక్రం పుల్లల్లా నడిమి నుంచి అంచుకు పరుచుకుంటాయి. గీత ఏదైనా సరే, దానికి అడ్డంగా వచ్చే కాంతికి వెలుగుతుంది, దాని వెంట వచ్చే కాంతికి ఆరిపోతుంది.

దీన్నుంచి ఒక పరీక్ష వస్తుంది. ఒకే లైటు, 12 గంటల స్థానంలో, 45 డిగ్రీల ఎత్తులో పెట్టండి. అసలు లస్టర్ ఉంటే వెలుగు విసనకర్రలు (విసనకర్ర ఆకారంలో వెలిగే పట్టీలు) 3 గంటల, 9 గంటల దిక్కుల్లో కనిపిస్తాయి, అంటే లైటుకు అడ్డంగా. అదే నాణేన్ని గుండ్రంగా రుద్ది పాలిష్ చేసి ఉంటే గీతలు వలయాల్లా ఉంటాయి కాబట్టి విసనకర్రలు 12, 6 గంటల దిక్కుల్లో, అంటే లైటు వరసలోనే వెలుగుతాయి. రెండూ మెరుపే. ఫోటోలో రెండూ ‘షైనింగ్’ అనిపిస్తాయి. మెరుపు ఎంత ఉందన్నది కాదు, ఏ దిక్కున ఉందన్నది చూడాలి. రెండు లైట్లు పెడితే రెండు జతల విసనకర్రలు కలిసిపోయి ఈ తేడా చెరిగిపోతుంది, అందుకే ఈ పటానికి ఒంటి లైటే.

మన నాణెం బొరుసువైపు, దండ లోపలి ఖాళీ ఫీల్డ్‌లో, వెలుగు 12, 6 దిక్కుల్లో వచ్చింది. లైటును 3 గంటల దగ్గరికి జరిపితే వెలుగు 3, 9కి జరిగింది. గుండ్రంగా రుద్దిన నాణెం. బొమ్మవైపు మధ్య ఫీల్డ్‌లో ఏ దిక్కునా విసనకర్ర లేదు, కానీ గట్టు పక్కన అక్షరాల సందుల్లో, చేయి అందని చోట, లైటుకు అడ్డంగా సన్నటి మెరుపు కనిపించింది. అదే అసలు లస్టర్ మిగులు. అరుగుదల ఎక్స్‌ఎఫ్ అని నమ్మడానికి అది బలమైన ఆధారం. వీఎఫ్ నాణెంలో ఆ సందుల్లో కూడా మెరుపు మిగలడం అరుదు.

మూడో లైటు: నేలబారు వెలుగు, ఎనిమిది దిక్కులు

లైటును నాణెం తలానికి 10–15 డిగ్రీల ఎత్తులోకి దించి, నాణెం కదలకుండా, లైటును 45 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఎనిమిది ఫోటోలు. ఎనిమిదింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. గీతలు ఏదో ఒక్క జత ఎదురెదురు దిక్కుల్లో మాత్రమే వెలిగి మిగతావాటిలో మాయమైతే, అవన్నీ ఒకే వైపు నడుస్తున్నాయి, అంటే బట్టతోనో బొటనవేలితోనో తుడిచారు. ఎనిమిదింట్లోనూ కొన్ని కొన్ని వెలిగితే అవి చేతులు మారినప్పుడు పడ్డ చెల్లాచెదురు గీతలు, వాటిని అరుగుదలలోనే లెక్కవేయాలి.

బొమ్మవైపు గీతలు లైటు 1–2 గంటల మధ్య, దానికి ఎదురుగా 7–8 మధ్య ఉన్నప్పుడు గుంపుగా వెలిగాయి. దానికి అడ్డంగా, 10–11 మధ్య లైటు పెడితే ఒక్కటీ లేదు. అంటే గీతలన్నీ ఎడమ పైనుంచి కుడి కిందికి, వాలుగా, ఒకే పోకడ. పైగా అవి ఫీల్డ్‌లో మొదలై చెంప మీదుగా, అంగీ మీదుగా ఆగకుండా పోయాయి. ఈ చివరి సంగతి ముఖ్యం. అచ్చును సానబట్టినప్పుడు పడ్డ గీతలు కూడా ఒకే వరసలో ఉంటాయి, కానీ అవి ఫీల్డ్‌లోనే ఉండి అక్షరం దగ్గర, బొమ్మ దగ్గర ఆగిపోతాయి, ఎందుకంటే అచ్చులో ఎత్తుగా ఉండేది ఫీల్డే. అవి నాణెం మీద ఉబ్బుగా ఉంటాయి. ఉబ్బు గీతకు లైటు వైపున్న పక్క వెలుగుతుంది, గోటి గాటు లాంటి గీతకు లైటుకు దూరంగా ఉన్న పక్క వెలుగుతుంది. అచ్చు గీతల్ని చూసి ‘క్లీన్డ్’ అని మంచి నాణేన్ని తిరగ్గొట్టడం చాలా నష్టం, అందుకే ఈ తేడా చూడకుండా తీర్పు చెప్పొద్దు.

ఇంకో రకం మోసం వైరు బ్రష్‌ది. తిరిగే బ్రష్‌తో రుద్దితే కృత్రిమమైన మెరుపు వస్తుంది, కానీ లోహం నెట్టుకుపోయి అక్షరాల ఒక పక్కన సన్నని గట్టులా పేరుకుంటుంది. నేలబారు వెలుగులో ఆ గట్టుకు సొంత నీడ ఉంటుంది. మన నాణెంలో అది లేదు.

నాలుగో లైటు: గాజు పలకతో

లెన్స్‌కూ నాణేనికీ మధ్య పలుచటి గాజు పలక 45 డిగ్రీల వాలులో, పక్కనుంచి అడ్డంగా లైటు. వెలుగు గాజు మీద పడి తిన్నగా కిందికి దిగుతుంది. లైటు నేరుగా నాణేన్ని తాకకుండా నల్ల అట్ట అడ్డం పెట్టాలి, గాజుకు అవతల నల్ల వెల్వెట్ ఉంచాలి. గాజు కిందికి పంపేది పదో వంతు వెలుగే, కాబట్టి షట్టర్ బాగా నెమ్మదించాలి. మందం గాజు వాడితే బొమ్మ జంటగా పడుతుంది. ఈ వెలుగులో చదునైన ఫీల్డ్ తెల్లగా, వాలు ఉన్నదల్లా నల్లగా వస్తుంది. ప్రూఫ్ నాణేలకు (అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినవాటికి), రంగు టోనింగ్‌కు ఇది గొప్పది. మామూలు రూపాయికి లస్టర్‌ను చంపేస్తుంది. ఈ కేసులో దీని ఉపయోగం ఒక్కటే: 12 గంటల దగ్గర గట్టు పక్క ఫీల్డ్ చదునుగా లేదని, వేడికి లోహం కాస్త ముడతపడి గరుకుగా ఉందని చూపింది.

అంచు

అమ్మకందార్లు పెట్టనిది, కొనేవాళ్లు అడగనిది అంచు ఫోటో. వెండి రూపాయి విషయంలో ఇది పెద్ద లోటు. మన ప్రాంతంలో రూపాయలకు కొక్కేలు అతికించి దండలుగా, లంబాడీ నగలుగా వేసుకున్నారు. వాటిలో ఎన్నో తర్వాత కొక్కెం తీసేసుకుని నాణేలుగా మార్కెట్లోకి వచ్చాయి. నాణేన్ని రెండు రబ్బరు ముక్కల మధ్య నిలబెట్టి, 12, 3, 6, 9 గంటల దగ్గర నాలుగు అంచు ఫోటోలు తీయాలి. 12 దగ్గర సుమారు 3 మిల్లీమీటర్ల మేర నిలువు గాట్లు ఆకురాయితో రాసి సమం చేశారు, వాటి సందుల్లో పసుపు ఛాయ ఉన్న టంకం గింజలు మిగిలాయి. మిగతా మూడు చోట్ల గాట్లు చక్కగా ఉన్నాయి. మొదటి ఫోటోలో కనిపించిన ఆ మందపాటి గట్టు ఇదే.

బరువు 11.58 గ్రాములు, 0.01 గ్రాము చూపే తక్కెడ మీద. అరుగుదలకు సరిపోయే తగ్గుదలే. టంకం మిగులు ఉంటే బరువు కాస్త పెరిగి అరుగుదలను కప్పేస్తుంది కూడా, కాబట్టి బరువు ఒక్కటే సాక్ష్యం కాదు. దారంతో నీళ్లలో వేలాడదీసి సాంద్రత చూశాం. 91.7 శాతం వెండికి లెక్క ప్రకారం 10.3 దగ్గర రావాలి, వచ్చింది. ఇలాంటి నాణెం, నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసిన తక్కెడ మీద 1.12 గ్రాముల దగ్గర చూపాలి. దారం పలుచగా ఉండాలి, నాణేనికి బుడగలు అంటకూడదు, గిన్నె అడుగును తాకకూడదు. ఇదే పద్ధతి హైదరాబాద్ చార్మినార్ రూపాయికి వాడేటప్పుడు అంకెలు మార్చుకోవాలి. దాని బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి లెక్కతో చూసి అసలుదాన్ని నకిలీ అనుకోవద్దు.

తీర్పు

నాణేల గ్రేడ్‌కు వాడే 70 అంకెల షెల్డన్ స్కేలులో వీఎఫ్ 20 నుంచి 35, ఎక్స్‌ఎఫ్ 40, 45, ఏయూ 50 నుంచి 58, ఆ పైన 60 నుంచి 70 యూఎన్‌సీ. అరుగుదల ఒక్కటే చూస్తే ఈ నాణెం ఎక్స్‌ఎఫ్40. కానీ తుడుపు, టంకం ఉన్నాయి కాబట్టి ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థల దగ్గర దీనికి అంకె రాదు, ‘ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్’ (అరుగుదల ఎక్స్‌ఎఫ్, కానీ లోపం ఉంది) అని మాత్రమే వస్తుంది. నగ నుంచి ఊడదీసింది అన్నది తుడుపు కంటే బరువైన లోపం, ధరలో దాని ప్రభావం ఎక్కువ. అయినా నాణెం అసలుది, బొంబాయి ముద్ర, పొట్టి తొండం స్పష్టంగా ఉంది. ఈ రకం ముద్రకు నమూనాగా ఒకటి కావాలనుకునే కొత్త సేకర్తకు, సరైన ధరకు, ఇది మంచి నాణెమే. యూఎన్‌సీ ధరకు మాత్రం కాదు.

కెమెరా లేనివాళ్లు ఫోన్‌తో

పై పరీక్షల్లో మూడు ఫోన్‌తోనే అవుతాయి. ఫోన్‌ను రెండు పుస్తకాల దొంతర్ల మీద ఆనించి, నాణేనికి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచి, 2 రెట్లు లేదా 3 రెట్ల లెన్స్ వాడండి. మరీ దగ్గరికి తెస్తే ఫోన్ తనంతట తాను వైడ్ లెన్స్‌కు మారిపోతుంది, నాణెం గుడ్డు ఆకారం అవుతుంది, ఫోన్ నీడ పడుతుంది. మాక్రో మోడ్, హెచ్‌డీఆర్ ఆపేయండి. హెచ్‌డీఆర్ వెలుగు విసనకర్రల్ని చదును చేసి లస్టర్‌ను మింగేస్తుంది. షార్ప్‌నింగ్ ఎక్కువున్న ఫోన్లు అక్షరాల చుట్టూ తెల్లటి గీత గీసి అరిగిన నాణేనికి కొత్త ముద్ర పదును తెస్తాయి. ఆ తెల్ల గీత అన్ని పక్కలా ఒకే వెడల్పుంటే అది వెలుగు కాదు, సాఫ్ట్‌వేర్.

లైటుగా ఇంకో ఫోన్ టార్చి చాలు. అది చిన్న బిందువు లాంటి వెలుగు కాబట్టి లస్టర్ పరీక్షకు ట్యూబ్‌లైట్ కంటే ఎంతో నయం. టార్చిని బల్ల మీద 2 సెంటీమీటర్ల ఎత్తులో, నాణేనికి 10 సెంటీమీటర్ల దూరంలో పెడితే కోణం 11 డిగ్రీలు వస్తుంది, నేలబారు పరీక్షకు అదే కావాలి. నాణేన్ని అంచులు పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరిచి, ఒంటి టార్చి కింద మెల్లగా వంచుతూ పది సెకన్ల వీడియో తీస్తే మరీ మంచిది. అసలు లస్టర్ అయితే విసనకర్ర నడిమి చుట్టూ తిరుగుతుంది. యాసిడ్ డిప్‌లో (నలుపు పోగొట్టే ద్రవంలో) ఎక్కువసేపు ముంచిన నాణెం తెల్లగా ఉంటుంది కానీ ఏమీ తిరగదు. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సన్నగీతలన్నీ కుదింపులో కొట్టుకుపోతాయి.

దూరం నుంచి కొనేవాళ్లు అమ్మకందారును అడగాల్సింది కూడా ఇంతే: ఒంటి లైటు వీడియో ఒకటి, నేలబారు వెలుగులో ఎదురెదురు కాని రెండు దిక్కుల ఫోటోలు, 12 గంటల అంచు, ఏనుగు, ఏడాది. ఇవి ఇవ్వని నాణేనికి అనుమానపు గ్రేడ్ కట్టి, ఆ ధరే చెప్పండి.

కుంకుమ మరకల సంగతి మిగిలింది. నాణేన్ని గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెట్టి, కొత్త అసిటోన్‌తో కడిగి, తుడవకుండా ఆరనిచ్చాం. అసిటోన్ నూనె జిడ్డును, పసుపు రంగును, పీవీసీ కవర్ల నుంచి వచ్చే పచ్చటి జిగురును కరిగిస్తుంది, వెండినీ దాని టోనింగ్‌నూ ముట్టుకోదు. గోళ్ల రంగు తీసే ద్రవం వాడకూడదు, అందులో నూనెలు, వాసనలు కలుపుతారు. ప్లాస్టిక్ గిన్నె పనికిరాదు, పక్కన మంట ఉండకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. రేకుల మధ్య ఎరుపు చాలావరకు పోయింది, లోతులో ఉన్నది కాస్త మిగిలింది. దాన్ని పుల్లతో గీకలేదు. తిరిగి అమ్మకానికి పెట్టిన వివరణలో ‘ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, తుడిచినది, కొక్కెం తీసినది, 1911 బొంబాయి’ అని రాసి, మొదటి ఫోటోగా మామూలు పటం, రెండో ఫోటోగా 12 గంటల అంచు పెట్టాం.